తప్పు ఆండ్రాయిడ్‌దా, ఫోన్ కంపెనీదా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో మిమ్మల్ని ఒకటే అడిగాం. మీరు వాడుతున్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో మీకు నచ్చిందేంటి, ప్రాణం విసిగిస్తున్నదేంటి, మొహమాటపడకుండా రాయమన్నాం. మెచ్చుకున్నవాళ్లు రెండు ముక్కల్లో తేల్చేశారు, తిట్టినవాళ్లు పేజీలకు పేజీలు రాశారు. అన్నీ కూర్చుని చదివాక నాకు ఒకటి బలంగా అనిపించింది. మనం ఆండ్రాయిడ్ అంటున్నది నిజానికి మూడు పొరలు. అడుగున గూగుల్ తయారుచేసిన అసలు సిస్టం, దాని మీద ఫోన్ కంపెనీ వేసిన సొంత పూత, ఆపైన మనం వేసుకున్న యాప్‌లు. బాధ ఏ పొరలో ఉందో తెలిస్తే ఎవర్ని అడగాలో, ఏ సెట్టింగ్ మార్చాలో తెలుస్తుంది. తెలియకపోతే షాపులో "ఆండ్రాయిడ్ ఫోన్లంటే అంతే సార్, కొత్తది తీసుకోండి" అంటారు, మనమూ తీసేసుకుంటాం.

ప్రశ్న: నేను 16 వేలు పెట్టి ఫోన్ కొని రెండున్నరేళ్లయింది. మా తోడల్లుడి ఫోన్‌కి కొత్త ఆండ్రాయిడ్ వచ్చింది, నాది ఎన్నిసార్లు నొక్కి చూసినా "మీ ఫోన్ అప్‌టుడేట్‌గా ఉంది" అంటోంది. రెండూ ఆండ్రాయిడే కదా సార్, ఈ పంక్తిలో వలపక్షం ఏంటి?
(ఏలూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ కోపం న్యాయమైనదే. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది బాధ కూడా ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఆండ్రాయిడ్‌తో తొలి ఫోన్ 2008లో వచ్చింది. అప్పటినుంచీ దాని పద్ధతి ఒకటే. అసలు కోడ్‌ని గూగుల్ బయటపెడుతుంది, ఏ కంపెనీ అయినా దాన్ని తీసుకుని తనకు నచ్చినట్టు మార్చుకుని తన ఫోన్‌లో పెట్టుకోవచ్చు. ఏడెనిమిది వేల ఫోన్ నుంచి లక్షన్నర ఫోన్ దాకా అన్నిట్లో ఆండ్రాయిడ్ ఉందంటే కారణం అదే, కూలికెళ్లే మనిషి చేతిలోకి కూడా స్మార్ట్‌ఫోన్ వచ్చిందంటే ఆ స్వేచ్ఛ వల్లే, దాన్ని నేను చిన్నది చేసి మాట్లాడను. అయితే ఆలస్యం కూడా అక్కడినుంచే మొదలవుతుంది. గూగుల్ కొత్త వర్షన్ ఇచ్చాక చిప్ తయారుచేసే కంపెనీ దానికి తగ్గట్టు తన భాగం సరిచేయాలి, ఆ తర్వాత ఫోన్ కంపెనీ తన పూతంతా మళ్లీ వేసి, తను అమ్మిన ఒక్కో మోడల్ మీద పరీక్షించి వదలాలి. రెండేళ్ల కిందట అమ్మేసిన ఫోన్ మీద అంత ఖర్చు పెట్టడం వాళ్లకి ఇష్టం ఉండదు. మీకు ఆగింది ఆ రెండో పొరలో.

గూగుల్ ఏమీ చేయలేదని కాదు. 2014 సెప్టెంబరులో ఆండ్రాయిడ్ వన్ అని మన దేశంలోనే మొదలుపెట్టింది, మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలతో కలిసి, సుమారు 6,400 రూపాయల ధరలో, పూతలేవీ లేకుండా. ఆలోచన మంచిదే కానీ మన బజార్లో నిలబడలేదు. 2017లో ఆండ్రాయిడ్ 8 నుంచి, కొత్త వర్షన్ ఇవ్వడంలో ఫోన్ కంపెనీకి పని తగ్గాలని, అసలు సిస్టాన్నీ చిప్ కంపెనీ భాగాన్నీ విడదీశారు. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చినప్పటినుంచీ కొన్ని భద్రతా భాగాలు ఫోన్ కంపెనీతో పని లేకుండా ప్లే స్టోర్ దారిలోనే అప్‌డేట్ అవుతున్నాయి. కాబట్టి మీ ఫోన్‌కి వర్షన్ నంబరు మారకపోయినా లోపల కొంత మరమ్మతు జరుగుతూనే ఉంటుంది.

మీరు ఇప్పుడు చూడాల్సింది వర్షన్ నంబరు కాదు. సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్" తెరిచి, ఆండ్రాయిడ్ వర్షన్ దగ్గర నొక్కితే "సెక్యూరిటీ ప్యాచ్" అని, అంటే భద్రతా లోపాలకి చివరిసారి మరమ్మతు జరిగిన తేదీ ఉంటుంది. అది మూడు నాలుగు నెలల్లోపుదైతే కంగారు లేదు. ఏడాది దాటి ఉంటే మాత్రం ఆ ఫోన్‌లో బ్యాంకు లావాదేవీలు తగ్గించండి. ఈసారి కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడిగే ముందు, ఈ మోడల్‌కి ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో అడగండి. 2023లో గూగుల్ తన పిక్సెల్ 8కి, 2024 మొదట్లో శాంసంగ్ తన గెలాక్సీ ఎస్24కి ఏడేళ్లు ఇస్తామని ప్రకటించాయి. తక్కువ ధర ఫోన్లకి అన్నేళ్లు రావు, కానీ అదే 16 వేల ధరలో రెండేళ్లు ఇచ్చేవీ ఉన్నాయి, నాలుగేళ్లు ఇచ్చేవీ ఉన్నాయి. ఆ తేడా ఫోన్ డబ్బా మీద రాయరు, మనమే అడగాలి. నేనే ఒకసారి అడక్కుండా ఫోన్ కొన్నాను, పద్నాలుగు నెలలకే అప్‌డేట్లు ఆగిపోయాయి, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "కొత్త మోడల్ చూడండి సార్" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది నాకు.

ప్రశ్న: మా అమ్మకి షుగరు, బీపీ. మాత్రల టైముకి గుర్తుచేసే యాప్ వేశాను. నాలుగు రోజులు మోగింది, తర్వాత మోగడం మానేసింది. వాట్సాప్ మెసేజ్‌లు కూడా తెరిస్తే తప్ప రావడం లేదంటోంది. నేను హైదరాబాద్‌లో ఉంటాను, అమ్మ ఊళ్లో ఒక్కతే. చాలా టెన్షన్‌గా ఉంది.
(కరీంనగర్ జిల్లా పాఠకురాలు)

జవాబు: మీ యాప్‌ది తప్పు కాదమ్మా, మీ అమ్మగారిది అసలే కాదు. ఇది మా ఇంట్లోనూ జరిగింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మా నాన్న రాత్రి ఎనిమిదింటి మాత్ర వరసగా మూడు రోజులు వేసుకోలేదు, "ఫోన్ చెప్పలేదురా" అన్నారు. తీసి చూస్తే యాప్ అలాగే ఉంది, టైములన్నీ సరిగ్గానే పెట్టి ఉన్నాయి, కాకపోతే యాప్‌ని ఫోనే నిద్రపుచ్చేసింది.

వాడకుండా పక్కన పెట్టిన ఫోన్‌లో యాప్‌ల పని తగ్గించి బ్యాటరీ మిగిల్చే పద్ధతి 2015లో ఆండ్రాయిడ్ 6తోనే వచ్చింది. అది కొంత లెక్క ప్రకారం నడుస్తుంది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే కొన్ని ఫోన్లలో కంపెనీలు దాని మీద ఇంకో కాపలా పెట్టాయి. మనం నాలుగు రోజులు తెరవని యాప్‌ని పూర్తిగా ఆపేస్తుంది. బ్యాటరీ రెండు రోజులొస్తుందని ప్రకటన ఇచ్చుకోవడానికి పనికొస్తుంది, మాత్ర వేసుకోవాల్సిన మనిషికి పనికిరాదు.

ఈసారి ఊరెళ్లినప్పుడు ఇలా చేయండి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఆ మాత్రల యాప్, అందులో బ్యాటరీ తెరిచి "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టండి, కొన్ని ఫోన్లలో "నో రిస్ట్రిక్షన్స్" అని ఉంటుంది. "ఆటోస్టార్ట్" అనే మీట కనిపిస్తే అదీ ఆన్ చేయండి. అదే యాప్ పేజీలో "వాడకపోతే యాప్‌ని ఆపు" అనే అర్థం వచ్చే మీట ఇంకొకటి ఉంటుంది, అది ఆఫ్ చేయండి, లేకపోతే కొన్ని నెలలకి పర్మిషన్లు కూడా లాగేసుకుంటుంది. వాట్సాప్‌కి కూడా ఇదే వరస. అన్నిటికన్నా తేలిక ఇంకోటుంది. ఫోన్‌తో వచ్చిన గడియారంలోనే రోజూ మోగేలా అలారం పెట్టి, దాని పేరు దగ్గర "బీపీ మాత్ర" అని తెలుగులో రాయండి. ఆ అలారం జోలికి ఈ కాపలా మామూలుగా రాదు. మా నాన్నకి చివరికి అదే చేశాను.

ప్రశ్న: మా నాన్నగారికి వాట్సాప్‌లో "మీ బండికి చలానా ఉంది" అని మెసేజ్, కింద ఒక ఫైలు వచ్చాయి. నొక్కారు. గంటలో అకౌంట్ నుంచి 48 వేలు పోయాయి. ఐఫోన్ అయితే ఇలా జరిగేది కాదు అంటున్నారు మా బంధువులు. నిజమేనా?
(నంద్యాల నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు నాన్నగారిని ఎవరూ ఏమీ అనకండి. చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు కూడా ఇలాగే నొక్కుతున్నారు.

మీ బంధువులు చెప్పినదాంట్లో నిజం ఉంది, ఒప్పుకోవాలి. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్‌తో పని లేకుండా ఏపీకే అనే ఫైలు ద్వారా యాప్ వేసుకోవచ్చు. ఐఫోన్‌లో మన దేశంలో మామూలు వాడకందారుకి ఆ దారి లేదు. సొంతంగా యాప్ రాసుకున్న విద్యార్థికి ఆ దారి వరం, దొంగకి కూడా అదే దారి. ఆ ఫైలు మీద ఆర్టీవో బొమ్మ ఉంటుంది, పేరులో "చలాన్" అనో "పీఎం కిసాన్" అనో "పెళ్లి పత్రిక" అనో ఉంటుంది, చివర చుక్క పెట్టి ఏపీకే అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. నొక్కగానే "ఈ రకం యాప్ హానికరం కావచ్చు" అని ఫోనే హెచ్చరిస్తుంది, మనం కంగారులో దాటేస్తాం. వెంటనే ఎస్‌ఎంఎస్‌లు చదవడానికి పర్మిషన్ అడుగుతుంది. అసలు ప్రమాదం మనం సరే అని నొక్కే ఆ ఒక్క "అలో"లో ఉంది. ఇక బ్యాంకు పంపే ఓటీపీ మీకన్నా ముందు వాడికి చేరుతుంది.

ఇలా జరిగినవాళ్లు చేయాల్సింది ఇదీ. ఆ ఫోన్‌లో వైఫై, డేటా ఆపేయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి, 1930కి కాల్ చేయండి. 1930 సైబర్ మోసాల హెల్ప్‌లైన్, ఎంత తొందరగా చెబితే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ, రేపు చూద్దాం అనుకోవద్దు. మీ కాల్స్ వేరే నంబరుకి మళ్లించి ఉండొచ్చు కాబట్టి ##002# డయల్ చేసి రద్దు చేయండి. అవసరమైన ఫోటోలు వేరే చోట దాచుకుని ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అంటే లోపలున్నదంతా చెరిపి కొత్తదానిలా చేయండి, యాప్ ఒక్కటి తీసేస్తే సరిపోతుందనుకోకండి. బ్యాంకు పాస్‌వర్డులు వేరే ఫోన్‌లో మార్చండి.

ఇంకా జరగనివాళ్లు ఇవాళే ఒక పని చేయండి. సెట్టింగ్స్ వెతుకులో "అన్‌నోన్ యాప్స్" అని కొట్టండి. ఒక జాబితా వస్తుంది. అందులో వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ పక్కన "అలో" అని ఉంటే తీసేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లన్నీ తీసుకుని చేయండి, ఒక్కోదానికి రెండు నిమిషాలు. చలానా ఉందో లేదో ప్రభుత్వ ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొడితే కనిపిస్తుంది, ఏ పోలీసూ ఏపీకే ఫైలు పంపడు.

ప్రశ్న: ఇది ప్రశ్న కాదు సార్. నాకు చూపు లేదు. ఈ ఉత్తరం నా ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతూ రాయించాను, తెర మీదున్నది చదివే టాక్‌బ్యాక్ నాకు తిరిగి చదివి వినిపించింది. ఆండ్రాయిడ్‌ని అందరూ తిడుతుంటే నా మాట కూడా వేయండి. ఒకటే కష్టం, కొన్ని యాప్‌ల్లో వేలు పెడితే "బటన్, బటన్, బటన్" అంటుంది, ఏ బటనో చెప్పదు.
(ఒంగోలు నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: మీ ఉత్తరం మొత్తం వేశాం మాస్టారూ. మీరు చెప్పిన కష్టం మూడో పొరది. యాప్ రాసేవాళ్లు ప్రతి బటన్‌కీ ఒక పేరు రాయాలి, తెర మీద కనిపించకపోయినా టాక్‌బ్యాక్ దాన్నే చదువుతుంది. ఒక్కో బటన్‌కి ఒక్క లైను పని. అదీ చేయకుండా వదిలేస్తున్నారు, డబ్బు కట్టే యాప్‌ల్లో కూడా. టాక్‌బ్యాక్ మెనూలో "లేబుల్ జోడించు" కనిపించిన చోట ఎవరైనా చూపున్నవాళ్ల సాయంతో మీరే పేరు పెట్టుకోవచ్చు. ఈ పత్రిక చదివే తెలుగు యాప్ డెవలపర్లు చాలామంది ఉన్నారు. ఒక్కసారి టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని, మీ సొంత యాప్ వాడి చూడండి.

ప్రశ్న: ఇక్కడ అందరూ ఐఫోనే. నేను ఇంటికి తెలుగులో మెసేజ్ చేస్తాను. తెలుగుకి ఏది మేలు?
(డాలస్, అమెరికా)

జవాబు: రెండింట్లోనూ తెలుగు చదవడానికీ రాయడానికీ ఇప్పుడు ఇబ్బంది లేదు. ఆండ్రాయిడ్‌కి కొంచెం ఎక్కువ మార్కులేస్తాను. 2014లో ఆండ్రాయిడ్ 5తోనే మెనూలన్నీ తెలుగులో వచ్చేశాయి, ఆ అనువాదంలో కొన్ని మాటలు మనిషి మాట్లాడేవిలా ఉండవు కానీ, వచ్చాయి. గూగుల్ కీబోర్డ్ జీబోర్డ్‌లో చేత్తో గీసినా, నోటితో చెప్పినా, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా తెలుగు పడుతుంది. ఐఫోన్‌కి 2018 ఫిబ్రవరిలో జరిగింది గుర్తుందా? "జ్ఞా" అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పులో పంపితే అవతలి ఐఫోన్‌లో మెసేజ్ యాప్ కూలిపోయేది, తెరుస్తే మళ్లీ కూలిపోయేది. కొద్ది రోజుల్లోనే 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు, అదీ ఒకేసారి అన్ని ఐఫోన్లకీ. అలా అందరికీ ఒక్కసారే చేరడం ఆండ్రాయిడ్‌కి ఈనాటికీ చేతకాలేదు, ఏలూరు పాఠకుడి బాధ అదే కదా.

ప్రశ్న: కొత్త ఫోన్ తెరిస్తే నేను అడగని యాప్‌లు ఇరవై ఉన్నాయి. లాక్ తీయకముందే ప్రకటనలు. ఇది నా డబ్బుతో కొన్న ఫోనేనా?
(విజయనగరం పాఠకురాలు)

జవాబు: ప్రకటనలు కంపెనీ పూతవి. సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్ కింద "వాల్‌పేపర్ సేవ" లాంటి పేరుతో ఉంటాయి, ఆపేయండి. అడగని యాప్‌లు తీసేయడానికి రాకపోతే "డిజేబుల్" నొక్కండి. గూగుల్ సొంత యాప్‌ల సంగతికొస్తే, వాటిని ఫోన్లలో తప్పనిసరి చేయడం మీదే, వ్యాపారంలో పోటీ న్యాయంగా ఉందో లేదో చూసే మన దేశ కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసింది.

ప్రశ్న: సంతలో 6 వేలకి సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొన్నాను. రీసెట్ చేస్తే పాత ఓనరు జీమెయిల్ అడుగుతోంది. షాపులో 500 ఇస్తే లాక్ తీసేస్తామంటున్నారు. తీయించనా?
(నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వద్దు. దొంగిలించిన ఫోన్ అమ్ముకోకుండా పెట్టిన తాళం అది, ఆండ్రాయిడ్‌లో నేను మనసారా మెచ్చుకునే వాటిలో ఒకటి. రేపు మీ ఫోన్ పోతే మీకు తోడుండేదీ అదే. అమ్మినవాడి దగ్గరికి వెళ్లి, అతని అకౌంట్‌తో లాగిన్ చేయించి, మీ ఎదురుగానే అకౌంట్ తీసేయించండి. అతను తప్పించుకుంటే అనుమానించాల్సిందే. డబ్బా మీద గానీ, సిమ్ పెట్టే ట్రే మీద గానీ ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కి ఒక్కో గుర్తింపు నంబరు) దొరికితే కేవైఎం (KYM) అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి ఆ 15 అంకెలు రాసి 14422కి ఎస్‌ఎంఎస్ పంపండి. బ్లాక్ చేసిన ఫోన్ అయితే జవాబులో తెలుస్తుంది, అప్పుడు నేరుగా పోలీస్ స్టేషన్‌కి పట్టుకెళ్లండి.