గరుకు జింక్ ఆక్సైడ్: కరెంటు పెరిగి వోల్టేజీ పడిపోతే

గాజు మీది పారదర్శక వాహక పొర అయిన, అల్యూమినియం కలిపిన జింక్ ఆక్సైడ్‌ను ఆమ్లంతో గరుకు చేశాక మీ మైక్రోక్రిస్టలైన్ (సూక్ష్మ స్ఫటికాల) సిలికాన్ సౌర సెల్‌లో కరెంటు పెరిగిందనీ, వోల్టేజీ, ఫిల్ ఫ్యాక్టర్ (ఐ-వి వక్రరేఖ ఎంత చతురస్రంగా ఉందో చెప్పే నిష్పత్తి) పడిపోయాయనీ రాశారు. ముందు ఐ-వి (కరెంటు-వోల్టేజీ) వక్రరేఖ చూడండి. సున్నా వోల్టేజీ దగ్గర వాలు ఎక్కువుంటే లీకేజీ, అంటే కరెంటు సెల్ లోపలే పక్కదారి పడుతోంది. ఓపెన్ సర్క్యూట్ (కరెంటు సున్నా అయ్యే చోటు) దగ్గర వాలు తగ్గితే సిరీస్ నిరోధం (కరెంటు దారిలోని అడ్డు) పెరిగినట్టు, బహుశా ఆమ్లం పొరను మరీ తినేసింది.

మీది మొదటిదే, లీకేజీయే కావచ్చు. ఆమ్లం చేసిన గుంటలు ఇరుకుగా, అడుగున పదునుగా ఉంటే రెండు గోడల మీద పెరిగిన సిలికాన్ కలిసేచోట పగులు మిగులుతుంది. గుంట వెడల్పుగా, అడుగు గుండ్రంగా ఉండాలి. ఆ ఆకారం ఆమ్లం చేతిలో కన్నా స్పట్టరింగ్ (అయాన్లతో కొట్టి పదార్థాన్ని గాజు మీద పొరగా వేసే పద్ధతి) చేతిలోనే ఎక్కువ ఉంది: తక్కువ వేడి, ఎక్కువ పీడనంలో వేసిన గుల్ల పొర పదునుగా తెగుతుంది. గాజును 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, పీడనం తగ్గించి 800 నానోమీటర్లు వేయండి. తర్వాత 0.5 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 30 సెకన్లు, వెంటనే డీఅయనైజ్డ్ నీటితో కడిగి నైట్రోజన్‌తో ఆరబెట్టండి. షీట్ నిరోధం (పొర వెంబడి ఒక చదరపు ముక్కకు ఉండే నిరోధం) 10 ఓమ్‌లు దాటితే ఆమ్లంలో ఉంచే సమయం తగ్గించండి.

ఇంకో మాట. సెల్ వెనక కాంతిని తిప్పి పంపే వెండి పొరను నేరుగా సిలికాన్ మీద వేయకండి. గరుకు వెండి ఎర్ర కాంతిని తానే మింగేస్తుంది. మధ్యలో 80 నానోమీటర్ల జింక్ ఆక్సైడ్ ఉంచండి. ఫలితాన్ని మొత్తం కరెంటుతో కాక, 700 నుంచి 1000 నానోమీటర్ల మధ్య క్వాంటమ్ ఎఫిషియెన్సీతో (పడిన ఫోటాన్లలో ఎన్ని కరెంటుగా మారాయనే నిష్పత్తితో) పోల్చండి.