పొట్ట మీది డయాలసిస్ ట్యూబు: పిన్నీసు వద్దు, మెత్తని గుడ్డ బెల్టు చాలు

ప్రశ్న: మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. మా అత్తగారికి 58 ఏళ్లు. చాలా కాలంగా మధుమేహం ఉంది. కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి మూడుసార్లు ఆస్పత్రికి తిరగడం ఆవిడ వల్ల కాదని, ఇంట్లోనే చేసుకునే కడుపు డయాలసిస్ (ట్యూబు ద్వారా పొట్టలోకి ద్రవం నింపి, తర్వాత బయటికి తీసి మార్చేది) పెట్టించాం. పొట్టకు ట్యూబు వేసి మూడు నెలలైంది. బయటికి వేలాడే ట్యూబును ఆవిడ పిన్నీసుతో పావడాకు తగిలించుకుంటున్నారు. ప్లాస్టర్ వేస్తే దురద, దద్దుర్లు. మందుల షాపులో కొన్న బెల్టు ఈ ఉక్కలో ఒక పూట కూడా ఉంచుకోలేకపోతున్నారు. ట్యూబును ఎలా కట్టుకుంటే మంచిది? 2027లో వచ్చే పుష్కరాలకు గోదావరిలో మునగవచ్చా అని కూడా అడగమన్నారు. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ పిన్నీసు తీయించండి. మిగతా జవాబు ఆ తర్వాత చదవండి. మన ఇళ్లలో ఆడవాళ్ల గాజులకో మంగళసూత్రానికో ఒకటి రెండు పిన్నీసులు ఎప్పుడూ ఉంటాయి, చేతికి అందింది వాడారు. అందులో ఆవిడ తప్పేమీ లేదు. కానీ ఆ ట్యూబు మెత్తని సిలికాన్. పిన్నీసు మొన ఒక్కసారి దిగితే, కంటికి కనిపించనంత రంధ్రం పడినా చాలు, క్రిములు నేరుగా పొట్టలోకి చేరతాయి. ట్యూబు దగ్గర కత్తెర, బ్లేడు కూడా వాడకూడదు. గాజుగుడ్డను, ప్లాస్టర్‌ను దూరంగానే కత్తిరించి సిద్ధం చేసుకుని అప్పుడు ట్యూబు దగ్గరికి రండి.

ట్యూబును కట్టుకోవడం అందం కోసమో, వేలాడుతుంటే చికాకు అనో కాదు. చర్మం లోంచి ట్యూబు బయటికి వచ్చే చోట అది కదలకూడదు. అక్కడి నుంచి లోపలికి సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలో ట్యూబు చుట్టూ నూలు పట్టీలాంటి కఫ్ ఉంటుంది. ఇంకొకటి కండరంలో ఉంటుంది. శరీరం ఆ పట్టీల్లోకి కండ పెంచుకుని ట్యూబును పట్టుకుంటుంది. అది గట్టిపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మధుమేహం ఉన్నవారికి ఇంకా ఆలస్యం కావచ్చు. రోజూ ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం లాగుడు పడితే ఆ పట్టు వదులవుతుంది. చర్మం మీద కనిపించని చిన్న గాయమవుతుంది, అక్కడ చీము పడుతుంది. ఈ చోట వచ్చే ఇన్ఫెక్షన్లలో చాలా వాటికి మొదలు ఇలాంటి లాగుడే. అందుకే ఆవిడ ఏ పద్ధతిలో కట్టుకున్నా మీరు చూడాల్సింది ఒక్కటే: చర్మం లోంచి బయటికి వచ్చే చోట ట్యూబు కదులుతోందా, లేదా?

దానికి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఉంది. ట్యూబు కట్టాక ఆవిడను అద్దం ముందు నిలబెట్టండి. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టండి, పడుకోబెట్టండి, వీలైతే పీట మీద కూడా కూర్చోబెట్టి చూడండి. ఏ భంగిమలోనైనా ట్యూబు చుట్టూ చర్మం గుడారంలా పైకి లేస్తే కట్టు బిగిసిందని అర్థం. విప్పి మళ్లీ కట్టాలి. రేవులో కట్టిన పడవకు మోకు కొంచెం వదులు ఉంచినట్టే ఇక్కడా వదులు ఉంచాలి.

ప్రతి ట్యూబుకూ తనదైన వాలు ఉంటుంది. చాలామందికి ట్యూబు కిందివైపుకో పక్కకో తిరిగి బయటికి వస్తుంది. దాన్ని అటే పోనివ్వండి. సౌకర్యంగా ఉందని పైకి మడిచి కట్టవద్దు. చర్మం నుంచి మూడు వేళ్ల దూరంలో మొదటి ప్లాస్టర్ ముక్క వేయండి. తర్వాత మెత్తగా ఒక వంపు తిప్పి, చివరన ఉండే చిన్న గొట్టాన్ని, అంటే ద్రవం సంచులు తగిలించే ట్రాన్స్‌ఫర్ సెట్‌ను విడిగా ఇంకొక చోట ఆనించండి. దానికున్న గట్టి క్లాంపు (గొట్టాన్ని మూసే బిగింపు) రోజంతా చర్మాన్ని నొక్కితే పుండు పడుతుంది. కింద ఒక మడత గాజుగుడ్డ పెట్టండి.

దద్దుర్లకు కారణం చాలావరకు ప్లాస్టరే, దాని కింద చేరే చెమట కూడా. గుడ్డ ప్లాస్టర్ మానేసి కాగితం ప్లాస్టర్ వాడండి. రోజూ ఒకే చోట కాకుండా కొంచెం జరిపి వేయండి. తీసేటప్పుడు చుర్రున లాగవద్దు. మంచినీటితో తడిపి, ఒక చేత్తో చర్మాన్ని అదిమి పట్టి మెల్లగా తీయండి. కొబ్బరి నూనెతో తీయడం మన వైపు అలవాటే కానీ, ట్యూబు దగ్గరికి నూనె చేరకూడదు. పసుపు, పౌడరు, విభూతి కూడా అక్కడ రాయకూడదు. ఇంత చేసినా దద్దుర్లు తగ్గకపోతే ప్లాస్టర్ పూర్తిగా ఆపి, బెల్టు మీదే ఆధారపడవచ్చు.

బెల్టు గురించి మీరు చెప్పింది నిజం. మందుల షాపుల్లో దొరికే సాగే బెల్టులు ఎక్కువగా హెర్నియాకు, ఆపరేషన్ తర్వాతి పొట్టకు చేసినవి. అవి పొట్టను బిగించడానికి. మనకు కావలసింది ట్యూబును మోయడానికి. పొట్టలో రెండు లీటర్ల ద్రవం ఉన్న మనిషికి పైనుంచి ఆ బిగింపు ఎందుకు? బండారులంక నేత చీరల్లాంటి పాత నూలు చీర ఒకటి బయటికి తీయండి. నాలుగైదు అంగుళాల వెడల్పు పట్టీ కుట్టించండి. ముందు భాగంలో ట్రాన్స్‌ఫర్ సెట్ పట్టేంత జేబు ఉండాలి. అంటించే పట్టీ (వెల్క్రో) పక్కకు రావాలి, ట్యూబు మీదికి రాకూడదు. బెల్టుకూ ఒంటికీ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాలి. మీ ఊరి దర్జీ ఒక పూటలో కుట్టివ్వగలడు. ఇలాంటివి నాలుగు ఉంచుకుని, రోజూ ఉతికి ఎండలో ఆరేయండి. చెమటకు తడిస్తే మధ్యాహ్నమే మార్చేయండి. మేలో ఉక్కపోతకు రోజుకు రెండు మార్చాల్సి వచ్చినా ఆశ్చర్యపోవద్దు.

పావడా బొందు సంగతి చాలామంది డాక్టర్లు కూడా అడగరు, నేను మాత్రం ప్రతి ఒక్కరినీ అడుగుతాను. సన్నని బొందును బిగించి కట్టే అలవాటు మన ఆడవాళ్లది. అది ట్యూబు వచ్చే చోట పడితే రోజంతా ఒరుసుకుంటూనే ఉంటుంది. బొందు బదులు వెడల్పు పట్టీ కుట్టించి, ట్యూబుకు బాగా పైనో కిందో పడేలా కట్టుకోమనండి. ఇంట్లో నైటీ అయితే ఇంకా హాయి. ఇదే సమస్య మగవాళ్లకు మొలతాడుతో వస్తుంది. నడుముకు మొలతాడు తప్పదనుకునే పెద్దలు దాన్ని ద్రవం మార్పిడి సమయంలోనైనా తీసి పక్కన పెట్టాలి, లేదా ట్యూబుకు తగలకుండా కిందికి జార్చాలి. లుంగీ ముడి ట్యూబు మీదికి రాకూడదు.

పెద్ద లాగుడు పడేది మాత్రం ద్రవం మార్చుకునే వేళ. సంచులు తగిలించి ఉంటాయి, గుమ్మంలో ఎవరో పిలుస్తారు లేదా ఫోను మోగుతుంది. ట్యూబు సంగతి మరచి ఆవిడ లేస్తారు. అందుకని ఫోను చేతికందేలా పెట్టుకోమనండి, తలుపు మీరు తీయండి. మార్పిడి చేస్తున్నా బెల్టు, ప్లాస్టర్ విప్పవద్దు. క్లాంపు తిప్పేటప్పుడు రెండో చేత్తో ట్యూబును పట్టుకోవాలి, లేకపోతే ఆ మెలిక చర్మం దాకా వస్తుంది. రాత్రి ట్యూబు ఉన్న వైపు ఒత్తిగిలి పడుకోకుండా చూడండి. మనవళ్లు ఒళ్లోకి ఎక్కుతుంటే రెండో వైపు కూర్చోబెట్టుకోమనండి.

రోజుకొకసారి సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ చోటును వెలుతురులో చూడండి. మీ డయాలసిస్ సెంటర్‌లో చెప్పిన మందు నీటితో శుభ్రం చేసి, అద్ది ఆరబెట్టి, వాళ్లు రాసిచ్చిన యాంటీబయాటిక్ క్రీము రాయండి. చెక్కు కడితే గిల్లవద్దు, నాని అదే రాలిపోతుంది.

ఇక పుష్కర స్నానం. అమ్మా, గోదావరిలో మునగడం వద్దు. కాలువలో, చెరువులో, రొయ్యల గుంటలో కూడా నడుము లోతు దిగకూడదు. జనం లక్షలుగా మునిగే రేవులో నీళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. పొట్టలోకి దారి ఉన్న మనిషి ఆ నీళ్లలో దిగితే ప్రాణం మీదికి రావచ్చు. ఒడ్డున కూర్చుని చేత్తో నీళ్లు తీసుకుని తల మీద చల్లుకోమనండి, శాస్త్రం కూడా దాన్ని ఒప్పుకుంటుందని పురోహితులు చెప్పగా విన్నాను. ఇంట్లో స్నానం మాత్రం, చోటు మానిందని మీ సెంటర్ డాక్టర్ చూసి చెబితే, బకెట్‌లో నీళ్లు పట్టుకుని ఒంటి మీద పోసుకుని చేయవచ్చు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువు నీళ్లే వాడే ఊళ్లలో వాటిని కాచి చల్లార్చి వాడండి. స్నానం అయిన వెంటనే తడి బెల్టు మార్చి, ఆ చోటు శుభ్రం చేయాలి.

చుట్టూ ఎరుపు పెరుగుతున్నా, నొక్కితే నొప్పి ఉన్నా, చీము వచ్చినా మర్నాటికి వాయిదా వేయవద్దు. బయటికి వచ్చిన ద్రవం సంచిలో మబ్బుగా ఉన్నా, పొట్ట నొప్పి లేదా జ్వరం ఉన్నా అదే గంటలో సెంటర్‌కు ఫోన్ చేసి, ఆ సంచిని పారబోయకుండా వెంట తీసుకుని బయలుదేరండి. ట్యూబుకు చిల్లు పడినా, తెగినా, చిల్లుకూ ఒంటికీ మధ్య విడి క్లాంపుతో నొక్కి, శుభ్రమైన గాజుగుడ్డ చుట్టి వెళ్లండి. ట్రాన్స్‌ఫర్ సెట్ మూత ఊడిపడితే క్లాంపు మూసి ఉంచి, మార్పిడి మొదలుపెట్టకుండా ముందు ఫోన్ చేయండి. ఆవిడ పిన్నీసు పెట్టుకున్న చోట ట్యూబును ఈ రోజే ఒకసారి తడిమి చూడండి. ఎక్కడైనా చెమ్మ తగిలితే పైన చెప్పినట్టే క్లాంపు వేసి సెంటర్‌కు వెళ్లండి. చెమ్మ కనిపించకపోయినా, ఈ వారంలోనే వాళ్లకు ఒకసారి చూపించండి.