గ్రాండ్ కాన్యన్ అంచున కూర్చుని నీటిరంగులు వేయాలంటే ఏం చూసుకోవాలి?

స్నేహితుడితో కలిసి అక్టోబర్‌లో అమెరికాలోని ఆ పెద్ద లోయకు వెళ్తున్నామనీ, ఇంటి దగ్గర బాగానే కుదిరే నీటిరంగులు అక్కడ కుదురుతాయా అనీ అడిగారు. కుదురుతాయి. కాకపోతే వేసే పద్ధతి మార్చుకోవాలండి.

మొదటి తంటా పొడిగాలి. మధ్యాహ్నం పూట ఆకాశానికి వేసిన వాష్ (నీళ్ళు ఎక్కువ కలిపి పరిచే పలుచని రంగుపూత), కుంచె మళ్ళీ ముంచేలోపే ఆరిపోయి అంచున గట్టి గీత పడుతుంది. సరిచేద్దామని తడికుంచెతో రుద్దితే మరక మిగులుతుంది. అందుకని 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే మందపు) కాటన్ కాగితాన్ని రెండు వైపులా తడిపి, రెండు మూడు నిమిషాలు నాననిచ్చి, అక్రిలిక్ షీటు మీద పరచండి. అడుగున తడి ఉన్నంతసేపు పైన రంగు కదులుతుంది. అంచులు అంటించి దిమ్మెలా అమ్మే కాగితంతో (వాటర్‌కలర్ బ్లాక్) ఇది సాధ్యం కాదు. రంగు కావలసినదానికి రెట్టింపు ముందే కలిపి పెట్టుకోండి. తెల్లవారుజామున వ్యవహారం తిరగబడుతుంది: సౌత్ రిమ్ (లోయ దక్షిణపు అంచు) దాదాపు 7,000 అడుగుల ఎత్తు, ఆ చలికి వాష్ ఎంతసేపటికీ ఆరదు.

కాగితం మీద ఎండ పడనివ్వకండి. ఎండలో రంగు లేతగా కనిపించి చేయి ముదురుగా వేసేస్తుంది, గదికొచ్చి చూస్తే బొమ్మంతా బొగ్గులా ఉంటుంది. గొడుగు తెల్లదో బూడిదరంగుదో అయితే మంచిది. ఎర్రగొడుగు కింద ఏ రంగూ నమ్మలేం. గాలి లేస్తే మాత్రం గొడుగు మూసేసి, ఈజిల్‌కు (బొమ్మ నిలబెట్టే స్టాండుకు) బరువైన సంచి వేలాడదీయండి.

లోయంతా ఒక్క కాగితం మీదికి ఎక్కించాలనే ఆశ వదులుకోండి. 1873లో అక్కడికి వెళ్ళిన అమెరికన్ చిత్రకారుడు థామస్ మోరన్ కూడా 12 అడుగుల వెడల్పున్న తన పెద్ద చిత్రాన్ని స్కెచ్‌లు ఆధారంగా స్టూడియోలోనే వేశాడు. 7×10 అంగుళాల కాగితం మీద ఒక్క శిఖరం చాలు. సౌత్ రిమ్ మీద లోయ చూసే చోటైన మేథర్ పాయింట్ నుంచైతే జొరాస్టర్ టెంపుల్ అనే శిఖరం తీసుకోండి (అక్కడి శిఖరాల్లో బ్రహ్మ, విష్ణు, శివ టెంపుల్స్ కూడా ఉన్నాయి లెండి).

రాతిపొరల వరస తెలిస్తే సగం డ్రాయింగ్ అయినట్టే. కోకొనినో ఇసుకరాయి లేతరంగు నిలువు గోడ, దాని కింద హెర్మిట్ అనే పొర ఎర్రటి వాలు, ఆ కింద సుపాయ్ అనే పొర మెట్లుమెట్లుగా దిగుతుంది. తర్వాతి నిలువు గోడ రెడ్‌వాల్. పేరుకే ఎరుపు, రాయి బూడిదరంగు సున్నపురాయి. పై పొరల నుంచి కారిన ఎరుపు దాని మీద మరకలా పట్టింది. దాన్ని ఎర్రగా మందంగా పూస్తే ఇటుకగోడ అయిపోతుంది. ముందు అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా గోధుమరంగు కలిపిన పలుచని బూడిదరంగు వేసి, కాస్త తడి ఉండగానే పైనుంచి లైట్ రెడ్ అనే మట్టి ఎరుపును నిలువుగా జారనివ్వండి. ఎదుటి అంచు సగటున 10 మైళ్ళ దూరం, అక్కడ ఎరుపు కూడా నీలం తిరిగి కనిపిస్తుంది. నీడలకు నలుపు వాడొద్దు.

నీడలు గంటన్నరలో చోటు మారిపోతాయి. కూర్చోగానే ఐదు నిమిషాల్లో పెన్సిల్‌తో నీడల పటం గీసుకుని, ఇక దాన్నే నమ్మండి. నీడ జరిగిందని బొమ్మలోనూ జరిపితే వెలుగు రెండు వైపుల నుంచి వచ్చినట్టు ఉంటుంది.

అంచుకు కనీసం 6 అడుగులు ఇవతలే కూర్చోండి. ఈజిల్ మీకూ అంచుకూ మధ్య ఉండాలి. అప్పుడు బొమ్మ చూసుకోవడానికి వెనక్కి జరిగినా లోయకు దూరంగానే జరుగుతారు. ఇద్దరూ ఒకేసారి తలవంచుకుని పనిలో పడకుండా, సామాన్లు, గాలి ఒకరు గమనిస్తూ ఉంటే మేలు.

తాగే నీళ్ళు మనిషికి 4 లీటర్లు, రంగులకు వేరే లీటరు. రంగునీళ్ళు రాళ్ళ మీద పారబోయకుండా మూత బిగించిన సీసాలో వెనక్కి తెచ్చుకోండి. సౌత్ రిమ్ వెంబడి పోయే హెర్మిట్ రోడ్డులోకి మార్చి నుంచి నవంబర్ దాకా సొంత కార్లు వెళ్ళనివ్వరు, షటిల్ బస్సే దిక్కు. కాబట్టి సరంజామా అంతా ఒడిలో పట్టేలా సర్దుకోండి.