అడ్వాన్స్ కట్టాక ట్రాన్స్‌పోర్ట్ చార్జీలు అడుగుతున్నారు, పంపమంటారా?

ప్రశ్న: సోషల్ మీడియాలో హైదరాబాద్‌లోని ఒక సెకండ్ హ్యాండ్ కార్ల షోరూమ్ ప్రకటన చూశాను. 2019 మోడల్ స్విఫ్ట్ 2.6 లక్షలే అన్నారు. వెబ్‌సైట్ ఉంది, జీఎస్టీ నంబర్ ఉంది. ఆర్సీ కాపీ వాట్సాప్‌లో పంపారు. బండి నంబర్‌తో వివరాలు చూపే యాప్‌లో చూస్తే అన్నీ సరిపోయాయి. బుకింగ్‌కని యూపీఐలో 15 వేలు పంపాను. ఇప్పుడు బండి లారీ ఎక్కిందని, ట్రాన్స్‌పోర్ట్‌కు మరో 28 వేలు కడితే డెలివరీ అప్పుడు తిరిగిస్తామని అంటున్నారు. కట్టకపోతే అడ్వాన్స్ పోతుందట. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ఆ 28 వేలు పంపకండి. ఈ జవాబులో మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ 15 వేలు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోయేలోపు బ్యాంకు ఆపగలిగితేనే ఆశ ఉంటుంది. డబ్బు పంపిన తేదీ, సమయం, 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకోండి. కోపంతో వాట్సాప్ చాట్ చెరిపేయవద్దు, రేపు అదే మీ సాక్ష్యం.

ఆర్సీ సరిపోయిందన్న ధీమాతోనే చాలామంది మోసపోతున్నారు. ఆ ఆర్సీ నిజమైనదే అయి ఉండవచ్చు. ఎవరో తన కారు అమ్ముకోవడానికి పెట్టిన ఫొటోలు, కాగితాలు వీళ్ల చేతిలో పడి ఉంటాయి. అలాంటి బండి ఒకటి ఉందని యాప్ చెబుతుంది గానీ, మీతో మాట్లాడుతున్న వ్యక్తికి దాన్ని అమ్మే హక్కు ఉందో లేదో చెప్పదు. వస్తు విక్రయ చట్టం సెక్షన్ 27 ప్రకారం, హక్కు లేనివాడి దగ్గర కొంటే సాధారణంగా కొన్నవాడికీ హక్కు రాదు.

జీఎస్టీ నంబర్ సంగతీ ఇంతే. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. హైదరాబాద్ షోరూమ్ నంబర్ 36తో మొదలు కావాలి. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే వ్యాపారం పేరు, చిరునామా వస్తాయి. అవి సరిపోయినా, నిజమైన షాపు నంబర్‌నే వీళ్లు వాడుకుంటూ ఉండవచ్చు. అందుకే యూపీఐలో ఎవరి పేరు వచ్చిందో చూడండి. షోరూమ్ పేరుకు బదులు ఎవరో వ్యక్తి పేరు వచ్చిందంటే అనుమానించాల్సిందే.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. చిన్న డీలర్లలో తీసుకోనివాళ్లు లేకపోలేదు, కాబట్టి అది లేనంత మాత్రాన దొంగ అనలేం. నా దృష్టిలో అసలు పరీక్ష ఒక్కటే: "మా బంధువు హైదరాబాద్‌లో ఉన్నాడు, ఈ సాయంత్రం వచ్చి బండి చూస్తాడు" అనండి. నిజమైన షోరూమ్ వాళ్లు రమ్మంటారు. మోసగాళ్లయితే బండి ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో ఉందంటారు, ఓనర్ ఆర్మీలో చేస్తాడు, ట్రాన్స్‌ఫర్ అయిందంటూ ఐడీ కార్డు ఫొటో పంపుతారు. 28 వేలు కడితే తర్వాత ఇంకో చార్జీ, అదీ "రీఫండబుల్" అనే చెబుతారు.

ఫిర్యాదుకు హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 173 ప్రకారం అమలాపురంలోనే ఇవ్వవచ్చు, పరిధి కాదనడానికి లేదు. ఇది భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల వరకు జైలు పడే మోసం. ఇంకొకరి పేరుతో నమ్మించి ఉంటే సెక్షన్ 319, ఐటీ చట్టం 66డి కూడా వర్తిస్తాయి. "అడ్వాన్స్ పోతుంది" అన్న బెదిరింపుకు చట్టంలో విలువ లేదు.

డబ్బు ఖాతాలో ఆగి ఉంటే, విడుదల కోసం మేజిస్ట్రేట్ కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 503 కింద పిటిషన్ వేయవచ్చు. ఈపాటికే డ్రా చేసుకుని ఉంటే తిరిగి రావడం కష్టం. పిన్ మీరే కొట్టి పంపారు కాబట్టి బ్యాంకును బాధ్యత వహించమనడం కూడా అంత తేలిక కాదు. వినియోగదారుల కమిషన్‌లో మీ జిల్లాలోనే కేసు వేసే హక్కుంది, కానీ చిరునామా లేనివాళ్లకు నోటీసు ఎక్కడికి పంపుతాం? ఆ ఖర్చు ఇప్పుడే పెట్టుకోవద్దు.

వాళ్లకు ఆధార్, పాన్ కాపీలు కూడా పంపి ఉంటే, మీ పేరున ఎవరైనా లోన్ తీసుకున్నారేమో కొన్నాళ్లపాటు సిబిల్ రిపోర్టు చూసుకుంటూ ఉండండి. ఫిర్యాదు చేశాక, "సైబర్ క్రైమ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఫోన్ రావచ్చు. డబ్బు తిరిగివ్వడానికి పోలీసులు గానీ 1930 వాళ్లు గానీ ఏ ఫీజూ అడగరు.