పాత కార్టూన్ 16 ఎంఎం ప్రింట్ కొనే ముందు ఏం చూసుకోవాలి?

మీరు చూసిన పొపాయ్ రీలు గురించి అమ్మేవాళ్లు "కలర్ ఓకే, కొన్ని గీతలున్నాయి" అని రాశారన్నారు. గీతల సంగతి తర్వాత చూడొచ్చు. ముందు ఆ "ఓకే" అంటే ఏమిటో, రీలు వాసన వస్తోందో లేదో అడగండి.

నేను ఒహాయోలో ఉంటాను, పదకొండేళ్లుగా 16 ఎంఎం కార్టూన్లు, అంటే 16 మిల్లీమీటర్ల వెడల్పు ఫిల్ము రీళ్లు, పోగేస్తున్నాను. మొదట్లో గీతలకే భయపడేవాణ్ణి. టూరింగ్ టాకీసులో తెర మీద వాన కురిసినట్టు గీతలు పడుతుంటే సినిమాలు చూసి పెరిగినవాళ్లం కదా, ప్రింట్ బాగాలేదంటే మనకు ముందు అవే గుర్తొస్తాయి. కానీ నా దగ్గర పూర్తిగా పోయిన రీళ్లలో గీతల వల్ల పోయింది ఒక్కటీ లేదు.

అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము చెడడం మొదలైతే అసిటిక్ యాసిడ్ వదులుతుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. ఆ యాసిడ్ వల్ల ఫిల్ము ఇంకా తొందరగా చెడుతుంది, పక్కనున్న రీళ్లకూ అంటుకుంటుంది. ఒకసారి కొద్దిగా వాసన ఉన్న రీలు కొని, ఏం కాదులే అని మిగతా వాటితో పాటు అల్మారాలో పెట్టాను. రెండు ఎండాకాలాలు గడిచేసరికి ఇంకో రెండు డబ్బాలు అదే వాసన. చాలా బాధపడ్డాను. అప్పట్నుంచి ఏ రీలు వచ్చినా ముందు వేరే గదిలో పెట్టి, డబ్బాలో ఏ-డీ స్ట్రిప్ వేసి ఒక రోజు ఉంచుతాను. రోచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లవి ఇవి. నీలం రంగు కాగితం, యాసిడ్ ఉంటే ఆకుపచ్చకు, బాగా ఎక్కువుంటే పసుపుకు తిరుగుతుంది.

చెడిన ఫిల్ము కుంచించుకుపోతుంది కూడా. కొత్త లీడర్ (రీలు మొదట్లో అతికించే ఖాళీ ఫిల్ము) ముక్క పక్కన పెట్టి, అంచున ఉండే చిల్లుల్లో మొదటివి కలిపి వంద ఫ్రేములు లెక్కపెట్టండి. చివర్లో ఒక చిల్లు తేడా వచ్చిందంటే ఒక శాతం పోయినట్టే. అలాంటిది నేను ప్రొజెక్టర్‌కి ఎక్కించను, దాని చక్రాల పళ్లు చిల్లులను చింపేస్తాయి.

ఇక రంగు. కొడాక్ వాళ్ల ఈస్ట్‌మన్ కలర్ పాత ప్రింట్లలో నీలి పొర ముందు వెలిసిపోతుంది. నా దగ్గరున్న ఒక కార్టూన్‌లో ఆకాశం, గడ్డి, కుందేలు అన్నీ రోజ్‌మిల్క్‌లో ముంచి తీసినట్టుంటాయి. పోయిన రంగు ఆ ఫిల్ములోకి మళ్లీ రాదు. టెక్నికలర్ డై ట్రాన్స్‌ఫర్ ప్రింట్లు (రంగులను ఫిల్ము మీద అద్ది చేసినవి) అలా కావు, ఇప్పటికీ నిగనిగలాడతాయి. కొడాక్ వాళ్లదే ఇంకో రకం కలర్ ఫిల్ము, కొడాక్రోమ్ కూడా బాగానే నిలుస్తుంది. అందుకే ఫిల్మును తెల్లటి వెలుతురు ముందు పెట్టి, అంచులు కనబడేలా ఫొటో తీసి పంపమనండి. కొడాక్ ఫిల్ము అంచున గుండ్రం, చదరం, త్రికోణం గుర్తులుంటాయి, అవి ఫిల్ము తయారైన ఏడాదిని చెప్తాయి. ఇరవై ఏళ్లకోసారి అవే గుర్తులు తిరిగొస్తాయి కాబట్టి 1936 గుర్తే 1956కీ ఉంటుంది, తొందరపడి పాతదనుకోవద్దు.

మీది పొపాయ్ కాబట్టి ఇంకో మాట. 1943 దాకా పొపాయ్ కార్టూన్లు, మూడు కలర్ స్పెషల్స్ తప్ప, బ్లాక్ అండ్ వైటే. మొదటిసారి కొంటుంటే అవే తీసుకోండి, రంగు వెలిసే టెన్షన్ ఉండదు. 1956లో ఏ.ఏ.పీ. అనే కంపెనీ వీటిని టీవీ కోసం కొని, టైటిల్స్‌లో వాటిని విడుదల చేసిన పారామౌంట్ పేరు తీసేసి తన పేరు వేసుకుంది. అలాంటి టైటిల్ కనబడితే ఎవరో కోసేశారనుకోకండి. కోత ఉందో లేదో పొడవు చెప్తుంది. 16 ఎంఎంలో నిమిషానికి 36 అడుగులు, ఏడు నిమిషాల కార్టూన్ అంటే సుమారు 250 అడుగులు. 215 అడుగులే ఉందంటే ఒక నిమిషం ఎక్కడో పోయింది.

గీతలు నల్లగా కనిపిస్తే అవి ఎక్కువగా ఫిల్ముకు బొమ్మ లేని వెనకవైపువి, నేను పట్టించుకోను. కలర్ ప్రింట్ మీద ఆకుపచ్చ గీత మాత్రం బొమ్మ ఉన్న పొరనే గీరేసింది, ఇక పోదు. అది పొపాయ్ ముఖం మీదుగా పోతుంటే బేరం ఆడండి.

వాసన గురించి వాళ్లు సూటిగా జవాబు చెప్పకపోతే ఆ రీలు వదిలేయండి. చెప్పి, ఫొటో కూడా పంపిస్తే నాకూ చూపించండి, అంచు గుర్తులు చదివి పెడతాను.