ప్రయాణాల జ్ఞాపకాలతో బొంత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పదేళ్లుగా సెలవులకు వెళ్లిన ప్రతి చోటి నుంచీ ఒక టీషర్టో, చేతిరుమాలో తెచ్చుకుంటూ వచ్చాము. పిల్లలకు పొట్టివైపోయిన బట్టలు, ఆ ప్రయాణాల్లో మా అమ్మ కప్పుకున్న పలుచని శాలువా కూడా అదే పెట్టెలో ఉన్నాయి. అమ్మ ఇప్పుడు లేరు. వీటన్నిటితో పిల్లలకొక బొంత కుట్టాలని నిరుడు మొదలుపెడితే, టీషర్టు ముక్కలు మిషన్ కింద సాగిపోయి వంకరలు తిరిగాయి. శాలువాకు కత్తెర పెట్టడానికి చేయి రాలేదు. మామూలు కుట్లు తప్ప ఇంకేమీ రాని నేను ఈ పని పూర్తిచేయగలనా?

జవాబు: తప్పకుండా చేయగలరు. ముందుగా శాలువా సంగతి చూద్దాం, ఎందుకంటే మీ పని ఆగిపోయింది అక్కడేనని అనిపిస్తోంది. బొంతలోకి శాలువా అంతా రావలసిన అవసరం లేదు. అంచు దగ్గర ఒక జానెడు ముక్క తీసుకుని, మిగిలినదాన్ని యథాతథంగా దాచుకోండి. మీ అమ్మగారు తన చేత్తో రఫూ చేసిన చోటు ఎక్కడైనా ఉంటే, బాగున్న భాగాన్ని వదిలి ఆ చోటునే ఎంచుకోమని నా సలహా. ఆ నాలుగు దారప్పోగుల్లో ఆమె చేతిపని ఉంది. అయితే పలుచని బట్ట ఒంటరిగా కుట్టుకు నిలవదు కాబట్టి, కత్తిరించడానికి ముందే దాని కింద మెత్తని నూలు గుడ్డ పరిచి, చుట్టూ చేత్తో టాకాలు వేసి, రెండింటినీ కలిపి కత్తిరించండి.

టీషర్టులు సాగడం మీ తప్పు కాదు. అది నేసిన బట్ట కాదు, దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా అల్లిన బట్ట, కాబట్టి ఎటు లాగితే అటు సాగుతుంది. దర్జీలు కాలర్లకు వాడే ఫ్యూజింగ్ గుడ్డలో పలుచని రకం తెచ్చుకోండి. బొమ్మ చుట్టూ నాలుగు వైపులా వదులుగా, సుమారు 15 అంగుళాల ముక్క కత్తిరించి, దాని వెనుకవైపున ఫ్యూజింగ్ జిగురు ముఖం ఆనేలా పరిచి ఇస్త్రీ చేయాలి. ఇస్త్రీపెట్టెను అటూ ఇటూ లాగకుండా ఒకచోట అదిమి, ఎత్తి, పక్కన మళ్లీ అదమండి. లాగితే బట్ట మళ్లీ సాగి, ఆ వంకర అలాగే అతుక్కుపోతుంది. అచ్చు బొమ్మ మీద మాత్రం వేడి నేరుగా తగలనివ్వకండి. పూర్తిగా చల్లారిన తరువాతే పన్నెండున్నర అంగుళాల చదరంగా కత్తిరించండి. అన్ని వైపులా పావు అంగుళం కుట్టులోకి పోగా 12 అంగుళాలు మిగులుతుంది. అడ్డంగా 5, నిలువుగా 6 చొప్పున 30 ముక్కలు కలిపితే 60 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు వస్తుంది. చేతిరుమాళ్లు, చిన్న గౌన్లు ఆ కొలతకు చాలకపోతే, చుట్టూ ఒకే రంగు నూలు బట్టతో పట్టీ వేసి సరిపెట్టండి.

ఏ బట్టకైనా కత్తెర పెట్టే ముందు దాన్ని ఒకసారి ఉతకాలి, నూలు బట్ట కుంచించుకుపోవడం అప్పుడే అయిపోవాలి. ముదురు ఎరుపు, నీలం బట్టలను తడిపి తెల్లగుడ్డతో అదిమి చూడండి. రంగు అంటితే ఆ బట్ట బొంతకు పనికిరాదు.

అడుగుబట్ట, అంటే బొంత కింది వైపు వేసే బట్ట, అతుకుల పైభాగం కంటే నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి. అడుగుబట్ట, దూది పొర, అతుకుల పైభాగం ఒకదానిపై ఒకటి పరిచి, బెత్తెడు దూరానికొక పిన్నీసు పెట్టి, నడుమ నుంచి అంచులకు కుట్టుకుంటూ వెళ్లండి. అంచుల నుంచి మొదలుపెడితే ముడతలన్నీ నడుమకు చేరి, అక్కడ విప్పడం తప్ప దారి ఉండదు. అంచుపట్టీకి చుట్టుకొలత 264 అంగుళాలు. మూలల మడతలకు మరో 12 కలుపుకోండి.

ఇక అందరూ మరిచిపోయే పని ఒకటి ఉంది. ఏ ముక్క ఎక్కడిది, ఏ ఏడాదిది, ఎవరు వేసుకున్నది అన్నది చెరగని సిరాతో తెల్ల నూలు గుడ్డ మీద రాసి, బొంత వెనుక మూలన కుట్టండి. అమెరికాలోని జార్జియాలో, బానిసగా పుట్టి స్వేచ్ఛ పొందిన హారియెట్ పవర్స్ కుట్టిన బైబిలు కథల బొంత 1886లో ప్రదర్శనకు వచ్చింది. 1891లో దాన్ని కొన్న జెన్నీ స్మిత్ అనే చిత్రకళా ఉపాధ్యాయిని, ఒక్కొక్క బొమ్మ అర్థాన్ని పవర్స్ నోటనే విని రాసిపెట్టారు. ఆమె అలా రాసిపెట్టబట్టే, ఆ బొంతలోని బొమ్మల గురించి పవర్స్ చెప్పిన మాట ఈనాడు మనకు తెలుస్తోంది. మీ పిల్లలకు ఇప్పుడు గుర్తున్న ఊళ్లు ముప్పై ఏళ్లకు గుర్తుండకపోవచ్చు.

ప్రశ్న: మా ప్రయాణాల ఫొటోలు, రైలు టికెట్లు, ఏరుకొచ్చిన గవ్వలు కూడా బొంతలో చేర్చవచ్చా?

జవాబు: ఫొటోలు, టికెట్లు చేర్చవచ్చు, కానీ అసలువి కాదు. వాటిని స్కాన్ చేసి, ఇంక్‌జెట్ ప్రింటరు కోసం మందు పూసి, వెనుక కాగితం అంటించి అమ్మే నూలు గుడ్డ మీద అచ్చు వేసుకోండి. బట్టలోకి ఇంకిపోయే డై సిరాల కంటే, సన్నని రంగు పొడి కలిసిన పిగ్మెంటు సిరా వెలుతురుకు ఎక్కువ కాలం నిలుస్తుంది. ముఖాల మీదుగా కుట్టు పోనివ్వకండి, సూది చేసిన రంధ్రాలు అచ్చు బట్టలో అలాగే ఉండిపోతాయి. అయినా రెండు మూడు ఫొటోలకు మించి వద్దని నా అభిప్రాయం. ఫొటోలకు ఆల్బమ్ ఉండనే ఉంది. మోకాలి దగ్గర అరిగిన పిల్లవాడి లాగును తడిమి చూసుకోవడం మాత్రం బొంతలోనే వీలవుతుంది. గవ్వలు ఉతుకుకు పగులుతాయి, పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు కనుక వాటిని విడిగా సీసాలో ఉంచండి.

ప్రశ్న: కుట్టిన బొంత చాలా ఏళ్లు నిలవాలంటే ఎలా దాచాలి?

జవాబు: అవసరమైనప్పుడే చల్లని నీటిలో, ఘాటు లేని సబ్బుతో ఉతికి, నీడలో పరిచి ఆరబెట్టండి. తడి బొంతను తీగ మీద వేలాడదీస్తే ఆ బరువుకు కుట్లు తెగుతాయి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ నిలిచి బూజు పడుతుంది కాబట్టి, ఉతికిన పాత నూలు దుప్పటిలో చుట్టి, ఎండ తగలని చోట పెట్టండి. రెండు మూడు నెలలకొకసారి తీసి, పాత మడతల మీద కాకుండా కొత్త చోట్ల మడవండి. అచ్చు వేసిన ఫొటో మీదికి మాత్రం ఏ మడతా రానివ్వకండి.