పెచ్చుల మీద రంగు నిలుస్తుందా?

ప్రశ్న: మా యూనివర్సిటీ హాస్టల్‌కు సముద్రం దగ్గరే. సీలింగ్ పెచ్చులూడి మంచాల మీద పడుతున్నాయి. రిపేరంటూ సిమెంటు పూసి రంగేస్తున్నారు. టెన్షన్‌గా ఉంది సార్.
– ఓ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఆ పూత నిలవదమ్మా. 30 ఏళ్లు ఈ ఊళ్లోనే సైట్ల మీద ఉన్నాను, ఇలాంటివి చాలా చూశాను. ఉప్పుగాలికి లోపలి చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చును తోసేస్తుంది. రాలిన చోట చూడు, ఎర్రటి చార ఉంటుంది. వదులు కాంక్రీటంతా కొట్టేసి, చువ్వను వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాలి. బాగా సన్నబడితే పక్కన కొత్త చువ్వ కట్టాలి. ఆ తర్వాతే మోర్టారు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) పెట్టాలి. కొత్త బ్లాకులకైతే, సముద్రపు గాలి నేరుగా తగిలేచోట ఎం30 గ్రేడు (కాంక్రీటు బలాన్ని తెలిపే కొలత) కాంక్రీటు, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర (కవరింగ్) ఉండాలని కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఫొటోలు తీసి వార్డెన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. మంచం మాత్రం ఈ రాత్రికే పక్కకు జరుపుకో తల్లీ.